అత్తయ్య దున్ననివ్వని నాలుగు సాళ్లు

ఏమండీ, ఇక్కడ అందరం కులాసా. మీరు పని వదిలేసి పరిగెత్తుకు రావద్దు.

వరద తగ్గగానే కుళ్లిన మొక్కజొన్న దున్నించేసి మళ్లీ విత్తించాను. అదును పోయాక ఎంత సాయం వచ్చినా పంట రాదు కదా. మీ అమ్మగారు మాత్రం గట్టు పక్క నాలుగు సాళ్లలో కుర్చీ వేసుకుని కూర్చుని ట్రాక్టరును రానివ్వలేదు. ఏం మొండితనమని విసుక్కున్నాను కూడా.

నష్టం రాసుకునే ఆఫీసరు నిన్న వచ్చాడు. "పొలం పచ్చగానే ఉందమ్మా, సాయం దేనికి?" అన్నాడు. అత్తయ్య అతన్ని ఆ సాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, "మీకోసమే ఉంచాను, ముక్కు మూసుకుని చూడండి" అన్నారు. అతను ఫొటో తీసుకుని, పంట మొత్తం పోయిందని రాశాడు. సాయం వస్తుంది, దిగులు పడకండి.

దరఖాస్తు వేరే కవరులో వేశాను, సంతకం చేసి వెంటనే పంపండి. పొలం పాసుపుస్తకం ఎక్కడ పెట్టారు? బీరువాలో లేదు. పాపకు జ్వరం పోయింది.

అత్తయ్య దీవెనలు చెప్పమన్నారు. ఆ నాలుగు సాళ్లూ ఇవాళ దున్నిద్దామంటే, "డబ్బు చేతిలో పడేదాకా సాక్షిని చంపకూడదే అమ్మాయ్" అంటున్నారు. ఈసారి కుర్చీ నేనే వేశాను.