మామయ్య చేసిన అలమర

జూన్ 4
మామయ్య అలమర తెచ్చారు, పుట్టబోయే బిడ్డ బట్టలకని. తన షెడ్డులో ప్లైవుడ్‌తో చేసి, లోపలా బయటా వార్నిష్ కొట్టారు. అద్దంలా మెరుస్తోంది. తలుపు తీసి, మూసి, మళ్లీ తీసి చూపించారు. చప్పుడే లేదు. ఏడో నెల కదా, నువ్వు దూరంగా ఉండమ్మా అంటూ తనే మా పడకగదిలో సర్ది వెళ్లారు.

జూన్ 7
కళ్లు మండుతున్నాయి.

జూన్ 9
వంటింట్లోకి వెళితే తలనొప్పి తగ్గుతోంది, గదిలోకొస్తే మొదలు. మా ఆయన ఆఫీసులో ఎవరినో అడిగి ఎయిర్ మీటర్ తెచ్చాడు. గాలిలో ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు ఉందట. ప్లైవుడ్ జిగురులోంచి, వార్నిష్‌లోంచి వస్తుందట. ఇంట్లో ఘనమీటరు గాలికి 0.1 మిల్లీగ్రాము దాటకూడదట. మా గదిలో 0.3. అలమర తలుపు తీస్తే ఇంకా ఎగబాకింది.

కిటికీలు బార్లా తెరిచి హాల్లోకి మారాం. మామయ్యకు ఎవరు చెప్పాలి? మీ నాన్న కాబట్టి నువ్వే చెప్పమన్నాను. నువ్వంటే ఆయనకు ప్రాణం కాబట్టి నువ్వే చెప్పమన్నాడు. తెలివి చూడు.

జూన్ 10, మధ్యాహ్నం
మీటర్ పట్టుకుని షెడ్డుకు నేనే వెళ్లాను. మాటలు కూడబలుక్కుని చెప్పాను. వాసనొస్తోందని ఆ రోజే చెప్పొచ్చుగా తల్లీ, నా ముక్కు చచ్చిపోయి ఏళ్లయింది, నాకెలా తెలుస్తుంది అన్నారు. కోపం లేదు. భయపడ్డారు. నా కడుపు వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు.

అప్పుడే నా చేతిలో మీటర్ కూత పెట్టింది. అంకె 1.0 దాటింది. ఆ షెడ్డుకు ఒక్క కిటికీ లేదు. ఆయన రోజంతా ఉండేది అందులోనే. ఇన్నాళ్లూ ఎవరమూ పట్టించుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు. అలమర గురించే అనుకుని, ఇవాళే తీసేస్తానమ్మా అంటూ ఆయన నన్ను ఓదార్చారు.

జూన్ 13
అలమర వెళ్లిపోయింది. గదిలో 0.06. హాయిగా నిద్రపట్టింది.

జూన్ 24
షెడ్డు గోడ పగలగొట్టించి ఎదురెదురుగా కిటికీలు పెట్టించాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా. మామయ్య ఒకటే గొణుగుడు. దుమ్మొస్తుందట, పక్షులు దూరతాయట, మాస్క్ పెట్టుకుంటే తను దొంగలా కనిపిస్తారట. బిడ్డను ఆడించడానికి మీరు ఇంకా ఎన్నో ఏళ్లు ఉండాలి అన్నాను. మాస్క్ సరిచేసుకున్నారు.

ఆగస్టు 28
పాపతో ఇంటికొచ్చాను. మామయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయి, రెండు చేతులూ నా ముక్కు ముందు పెట్టారు. వాసన చూసి చెప్పమన్నారు.

సబ్బు వాసన.

పాపను ఇచ్చాను.