కుట్టుబడి బోర్డు

ఇబ్రహీంపట్నం
అక్టోబరు 1948

ఇశ్రాయేలన్నా, నమస్తే. కార్డు ఆలస్యమైంది, జర ఏమనుకోకు. బెజవాడల ఉండి ఫికర్ చెయ్యకు, నీ బిడ్డ లీదియా మా ఇంట్ల మంచిగున్నది.

ఆడపిల్లల తెలుగు బడికి పాత సర్కారు ఇజాజత్ ఇయ్యక శ్యామలమ్మ పంతులమ్మ కుట్టుబడి అని బోర్డు పెట్టింది గద. తనిఖీకి ఎవలొచ్చినా పిల్లలు పుస్తకాల మీద నా దర్జీ దుకాణం గుడ్డముక్కలు కప్పి సూదులు పట్టేటోళ్లు. మొన్న యూనియన్ మిలిటరీ బండి బడి ముంగట ఆగంగనే మళ్ల గట్లనే కప్పిండ్రు. "మన రాజ్యమొచ్చిందే, ఇగ దాచకుండ్రి" అని పంతులమ్మ కండ్లనీళ్లు పెట్టుకున్నది. అందరికంటె ముందుగాల లీదియానే పుస్తకం తీసి గట్టిగ చదివింది.

బిడ్డను తీస్కపోతనని రాసినవ్. మెట్రిక్ అయిందాక ఉండనియ్యన్నా, బతిమాలుతున్నది. వదినెకు దగ్గు తగ్గిందా?

మూడేండ్లు కుట్టుబడిల ఉన్నా నీ బిడ్డకు గుండీ కుట్టరాదు. నీ అంగీ గుండీలు నేనే కుట్టి ఇస్త, ఎప్పుడొస్తవ్?

నీ కిష్టయ్య