డార్విన్‌లో జూన్ వాన

ఏవండీ,

మీ సంవత్సరీకం అయింది. మీరెన్నిసార్లు పిలిచినా నేను రాని ఆ క్వేకర్స్ హిల్ ఓపెన్ మైక్ కవితల సభకి నిన్న ఒక్కదాన్నే వెళ్ళాను.

మనవాళ్ళ అమ్మాయే, మైకు ముందు కళ్ళు మూసుకుని ఇంగ్లిష్‌లో కవిత చెప్పింది. డార్విన్ ఊళ్ళో జూన్ నెల వాన, ఆస్పత్రి కిటికీ, తడిసిన జడ. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేసే రోజుల్లో మీరు తెలుగులో రాసి, అచ్చుకివ్వకుండా ఇంట్లోనే చదివిన కవిత అది! జూన్‌లో డార్విన్‌లో చినుకు పడదు, అది మన కోనసీమ జూన్ అని వచ్చినవాళ్ళ ముందల్లా మిమ్మల్ని వేళాకోళం చేసేదాన్ని. మీరు నవ్వి ఊరుకునేవారు, దిద్దేవారు కాదు. ఆ తప్పుతో సహా ఎత్తుకుపోయిందనుకున్నాను.

అక్కడివాళ్ళు మెచ్చుకోలుగా చిటికెలు వేస్తారు. నేను వెయ్యలేదు. కాఫీల దగ్గర ఆ అమ్మాయిని పట్టుకున్నాను.

"డార్విన్‌లో జూన్‌లో వాన పడుతుందామ్మా?"

"పడదాంటీ, డ్రై సీజన్ కదా. నేనక్కడ నర్సుగా చేశాను. ఆ పోయెమ్ మా డాక్టరుగారిది, ఇంగ్లిష్ చేసింది నేను. మంత్ మార్చేద్దాం సార్ అంటే ఒప్పుకోలేదు. వాళ్ళావిడని ఫస్ట్ టైమ్ చూసింది జూన్ వానలోనట. సో స్వీట్ కదా?"

నేనెవరో చెప్పలేదు. పెళ్ళిచూపులనాడు వాన పడిన సంగతి నాకే గుర్తులేదు.

అన్నేళ్ళు నా దగ్గర నోరు విప్పని మనిషి, ఆ అమ్మాయికి ఇంకా ఏమేం చెప్పారండీ?