జాలి అమ్మే దుకాణం

అక్టోబర్ 6, 2025

మూర్తి ఇవాళ కూడా టీవీ పెట్టాడు. ఈ ఎడారి దేశంలో వీసా దరఖాస్తులు నింపిపెట్టే మా టైపింగ్ సెంటర్‌లోకి సూడాన్ వాళ్ళు అడుగుపెట్టగానే రిమోట్ వెతుక్కుంటాడు. వాళ్ళ ఊళ్ళు తగలబడుతున్న ఛానెల్... సౌండ్ పెంచి మరీ. పంజాబీ డ్రైవర్లు వస్తే క్రికెట్. నుదుట కుంకుమ, కౌంటర్ మీద ఖర్జూరాల పళ్ళెం, ఏడవబోతున్న ముఖం. మేనేజరట. ఛీ.

అక్టోబర్ 8

ఇహ్సాన్ అనే నర్సు వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. సూడాన్ వాళ్ళే. పెద్దాయన ఉస్మాన్ గారు యుద్ధం నుంచి తప్పించుకుని, విజిట్ వీసా మీద కూతురి దగ్గరికి చేరారు. ఆ వీసా ఎప్పుడో అయిపోయింది. యుద్ధం నడుస్తున్న దేశాల వాళ్ళను ఏడాది పాటు ఉండనిచ్చే అనుమతి ఒకటుంది — దాని కోసం.

“నాన్నను పంపించేయరు కదా?” అంది.

“కష్టమే సిస్టర్. లోపల నా మనిషి ఉన్నాడు. నేను చూసుకుంటా,” అన్నాడు మూర్తి.

లోపల ఏ మనిషీ లేడు. అది మామూలు దరఖాస్తు. నేను కూర్చుంటే పావుగంట పని. పాస్‌పోర్టు తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. వాళ్ళు వెళ్ళాక అడిగాను, టైప్ చేసేయనా అని.

“తొందరేంటమ్మా సరళా? కొన్నాళ్ళు భయపడనీ. భయం లేకపోతే మన విలువేం తెలుస్తుంది?”

అక్టోబర్ 9

ఇలాంటివాడికి రోజూ ‘గుడ్ మార్నింగ్ సర్’ చెప్తున్నాను.

అక్టోబర్ 15

పక్క ఫ్యాక్టరీలో పనిచేసిన రాజన్న వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. వీసా గడువు దాటింది, ఇంటికి పోవాలంటే జరిమానా కట్టాలి.

“సూడానోళ్లకు మాఫీ ఉన్నదట గద మేడం. మాకు లేదా?”

లేదన్నాను. వెనక నుంచి మూర్తి అందుకున్నాడు. “అదృష్టమంటే వాళ్ళది రాజన్నా! ఊరు తగలబడితే చాలు, వీసా వచ్చేస్తది.”

తనే నవ్వుకున్నాడు. రాజన్న నవ్వలేదు. “గట్లనకుండ్రి సార్,” అని లేచి వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 21

ఇహ్సాన్ ఫోన్. వాళ్ళ నాన్న గడప దాటడం లేదట — చేతిలో పాస్‌పోర్టు లేదు, ఎవరైనా అడిగితే? నిన్న ఛాతీలో నొప్పి. ఆసుపత్రికి రానన్నారు, అక్కడా గుర్తింపు కార్డు అడుగుతారని. రాత్రంతా ఈమె పక్కనే కూర్చుని బీపీ చూసుకుంటూ...

“నిజం చెప్పండి. దరఖాస్తు వెళ్ళిందా?”

మూర్తి నా ఎదురుగానే ఉన్నాడు.

“లేదు,” అన్నాను.

అక్టోబర్ 22

డ్యూటీ బట్టలతోనే వచ్చేసింది ఇహ్సాన్. దుకాణం నిండా జనం. నేను లేచి నిలబడి, హిందీలో, అందరికీ వినబడేలా — “మూర్తి సాబ్, ఉస్మాన్ గారి పాస్‌పోర్టు ఇవ్వండి. దరఖాస్తు ఇప్పుడే పంపేస్తాను.”

అందరూ అతని వైపు తిరిగారు. సొరుగు తెరిచాడు, నవ్వుతూనే. “అయ్యో సిస్టర్, ఇవాళే చేద్దామనుకున్నా!”

పంపేశాను. జనం పలచబడ్డాక దగ్గరికొచ్చాడు.

“నీ వీసా ఎవరి చేతిలో ఉందో గుర్తుందా?”

“ఉంది.”

“ఉంటే మంచిది.”

తర్వాతి మనిషిని పిలిచాను.

అక్టోబర్ 30

వచ్చింది! ఏడాది అనుమతి. ఇహ్సాన్ ఫోన్లో ఏడుస్తోంది, వెనక పెద్దాయన గొంతు. ఏమంటున్నారు అని అడిగాను.

“ఏడాది తర్వాత ఎక్కడికి అంటున్నారు. ఏం చెప్పను సిస్టర్?”



సాయంత్రం వాళ్ళు కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారు. మూర్తి పెద్దాయన భుజం మీద చేయి వేసి ఫోటో దిగాడు. మన తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టాడు — ‘మానవత్వమే నా మతం’. దాని కింద దండాలు, పూలు. ఒకావిడ ‘మీరు దేవుడండీ’ అని రాసింది. దేవుడు!

నవంబర్ 3

నా వీసా క్యాన్సిలేషన్ కాగితం ముందు పెట్టాడు — నా సంతకం పడనిదే అది నడవదు.

“కఫీల్ స్టాఫ్‌ను తగ్గించమన్నాడమ్మా. నేనేం చెయ్యను?” మళ్ళీ ఆ ఏడుపు ముఖం. ఈసారి నా కోసం.

మా వీసాలకు పూచీగా ఉండే ఇక్కడి యజమాని, ఆ కఫీల్‌కు నా పేరు కూడా తెలియదు. రేపు పెడతానన్నాను సంతకం.

ఇహ్సాన్‌కు ఎలా తెలిసిందో. “మా ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగం ఉందేమో అడగనా?” అంది. అడగమనలేదు, వద్దనీ అనలేదు.

నవంబర్ 4

ముందుగానే వెళ్ళి తెరిచాను. మెట్ల మీద ఒక యెమెన్ కుటుంబం — తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. అదే అనుమతి కోసం. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. టీవీ ప్లగ్ పీకేశాను. మూర్తి వచ్చేసరికి ముగ్గురి దరఖాస్తులూ వెళ్ళిపోయాయి.

అతను కాగితం తీసి పెన్ను కూడా పెట్టాడు.

“సంతకం.”

“వీళ్ళకు రసీదు ఇవ్వనివ్వండి.”

ఆ తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు... చీకటి పడేదాకా వస్తూనే ఉన్నారు. జనం ముందు గట్టిగా అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

కాగితం ఖాళీగానే ఉంది. రేపు ఇంకా ముందు వెళ్ళాలి.