ఏడు వేళ్ల చేయి

జూన్ 18

లోకానికి తెలియజేయునది: నేటి నుంచి నేను ప్రైమరీ స్కూల్ డ్రాయింగ్ మాస్టర్ని. ప్రొబేషన్ మీద. నాలుగేళ్ల డిగ్రీ నాది, రెండు డబ్బాల క్రేయాన్లు బడివి. సగం విరిగినవే. క్రేయాన్ల సంగతి చెబుతున్నాను.

జూన్ 20

దశలవారీ ప్రణాళిక రాసి గోడకు అంటించాను. ఒకటో తరగతికి గీత, రెండుకి రంగు, మూడుకి కొలత, నాలుగుకి నీడ, ఐదుకి డిజైన్. మెట్టు దాటి ఎవరూ దూకరాదు. హెడ్‌మిస్ట్రెస్ చదివి, నిచ్చెన బాగానే వేశావు బాబూ, పైన అటకుందో లేదో చూసుకున్నావా అన్నారు.

జూన్ 27

మూడో తరగతిని అమ్మ చేయి గీయమన్నాను. రెండు జడల పిల్ల ఏడు వేళ్లు గీసింది. లెక్కలు రావా తల్లీ అంటే, వచ్చు సార్, కుట్టేటప్పుడు మా అమ్మ చెయ్యి ఆగదుగా, ఎన్నున్నాయో ఎలా తెలుస్తుందీ అంది. క్లాసంతా నవ్వింది. ముందు నవ్వింది నేనే. మూలన పెన్సిల్‌తో తేదీ వేసి ఫైల్లో పెట్టాను.

సెప్టెంబర్ 11

కొలత పాఠం. రెండు జడల పిల్లకు ఐదు వేళ్లు కుదిరేదాకా ఆరుసార్లు చెరిపించాను. కాగితం చిరిగింది. నా ఓపికకు పతకం ఇవ్వాలి.

జనవరి 30

మళ్లీ అమ్మ చేయి. ఐదు వేళ్లు, ఐదు గోళ్లు. కొట్లో వేలాడదీసిన గ్లవుజులా ఉంది. పదికి పది వేశాను.

ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3

వచ్చే వారం ఇన్‌స్పెక్షన్. ప్రతి పిల్ల మొదటి బొమ్మ, చివరి బొమ్మ పక్కపక్కన గోడకు పెట్టాలి. ప్రగతి కనపడకపోతే నా ఉద్యోగం ఖాయం కాదు. హెడ్‌మిస్ట్రెస్ రెండు జడల పిల్ల గీసిన రెండు చేతులనూ మార్చి మార్చి చూశారు. ఏది ముందుది అని అడిగారు. చెప్పాను. ఏం నేర్పావు నాయనా, వచ్చింది కాస్తా పోయింది అన్నారు. ఫైలు నా చేతికిస్తూ, తేదీలు పెన్సిల్‌వేగా అన్నారు.

జోకు వేద్దామనుకున్నాను. సొరుగులో రబ్బరు వెతికాను.

4.10

రబ్బరు మంచిది. మచ్చ కూడా మిగల్లేదు. ఏడు వేళ్లకు జనవరి, గ్లవుజుకు జూన్.

ఫిబ్రవరి 19

ఇన్‌స్పెక్టర్ ఏడు వేళ్ల దగ్గర ఆగిపోయారు. కొయ్యబొమ్మలాంటి చేతిని కదిలించావయ్యా, మాస్టరంటే నువ్వూ అని భుజం తట్టారు. ఉద్యోగం ఖాయం. స్టాఫ్‌రూమ్‌లో బిస్కెట్లు పంచారు.

గోడ మీది బొమ్మలు చూడ్డానికి రెండు జడల పిల్ల తల్లి వచ్చింది. కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చినట్టుంది, చీరకు దారప్పోగులున్నాయి. గ్లవుజు చూసి, ముందు ఇలా గీసేదా, అంతా మీ చలవే సార్ అని దండం పెట్టింది. పిల్ల తేదీలు చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడో తరగతికి చదవడం మాత్రం ఎవరో బాగానే నేర్పారు.

ఫిబ్రవరి 23

రెండు జడల పిల్ల ఏమీ గీయని తెల్ల కాగితం తెచ్చిచ్చింది. తేదీ మీరే వేసుకోండి సార్ అంది.