థర్మామీటర్ మూడుసార్లు

సిరొంచ,
బుధవారం, మధ్యాహ్నం.

పూజ్యురాలైన అక్క రాజమ్మకు, ప్రాణహిత ఇవతలి నుంచి చెల్లెలు సుగుణ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా బాగున్నాం. చెన్నూరులో నువ్వు, బావ, కోడలు, పిల్లలు ఎలా ఉన్నారు? డాక్టరు ఇచ్చిన నూనె మోకాలికి రోజూ రాస్తున్నావా? ఎండ పూట బయటికి వెళ్లకు. ఇక్కడా ఎండలు మండిపోతున్నాయి. పదకొండు గంటలకే వీధిలో మనిషి కనిపించడు.

నేను లత దగ్గరికి వచ్చి ఎనిమిది నెలలు నిండాయి. వంతెన దాటితే మీ ఊరే, అయినా ఇది వేరే రాష్ట్రమని రోజూ తెలుస్తూనే ఉంటుంది. బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి. మార్కెట్‌లో మాత్రం మన మాటే మాట్లాడతారు. తిండికి లోటు లేదు. లత జింగనూర్ బడిలో పాఠాలు చెప్పడానికి పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్తుంది, చీకటి పడే వేళకు వస్తుంది. అల్లుడు బట్టల దుకాణంలో ఉంటాడు. మనవరాలు శ్రావణి ఎనిమిదో తరగతి. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. స్టవ్వు, తాళాలు, శ్రావణి బడి నుంచి వచ్చేసరికి వేడి అన్నం, అన్నీ నా చేతిలోనే. "అమ్మ ఉన్నదనే నేను నిమ్మలంగ బస్సెక్కుతున్న" అని లత పక్కింటి వాళ్లతో అంటుంటే విన్నాను.

నేను బాగానే ఉన్నాను, అక్కా. కంగారు పడకుండా కింది సంగతి చదువు.

వచ్చిన రెండో నెలలో మార్కెట్ నుంచి వస్తూ మా సందు దాటిపోయాను. కొత్త ఊరు కదా అనుకున్నాను. ఆ తరువాత మూడుసార్లు దాటిపోయాను. ప్రతిసారీ అదే అనుకున్నాను. ఊరు ఎన్ని నెలలు కొత్తగా ఉంటుంది? మన అమ్మ గుర్తొచ్చింది.

అందుకే నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. బడికి వెళ్తూ శ్రావణి మూడు ఇంగ్లీషు అక్షరాలు చెబుతుంది. ఆ మూడూ ఉన్న పొడుగు మాటలు, ఒక్కోటి తొమ్మిది అక్షరాలకు తగ్గకుండా, అది తిరిగి వచ్చేలోగా ఐదు రాయాలి. డిక్షనరీ ముట్టకూడదు. మరాఠీ నాకు రాదు కాబట్టి అందులో తడబడితే లెక్కలోకి రాదు. తెలుగు పుట్టినప్పటి నుంచి ఉన్నది, చివరిదాకా ఉంటుంది. ఇంగ్లీషు ఒక్కటే కష్టపడి సంపాదించుకున్నది. పోవడం మొదలైతే ముందు అదే పోతుందని నా లెక్క. శ్రావణికి బడిలో ఇలాంటి పోటీ ఉంది, దానికి సాధన చేయిస్తున్నానని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

రోజూ నోటుబుక్కులో తేదీ వేసి, ఐదు మాటలు రాసి, కింద 'ఐదు' అని సంతకం పెట్టేదాన్ని. ఒక్క రోజూ తగ్గలేదు. ధైర్యం వచ్చింది.

పోయిన గురువారం ఎం, ఆర్, టి ఇచ్చింది. సాయంత్రం వచ్చి నోటుబుక్కు చూసి పకపకా నవ్వింది.

"అమ్మమ్మా, గిదేంది? థర్మామీటర్ మూడుసార్లు రాసినవ్! హెడ్‌మిస్ట్రెస్ మేడమే దొంగ లెక్క చేస్తే ఎట్ల?"

చూశాను. రెండో మాట అదే, నాలుగోదీ అదే, ఐదోదీ అదే. ఒక్కసారి రాసినట్టే నాకు జ్ఞాపకం.

"నన్ను ఎక్కిరించనీకి నువ్వే రాసినవ్. పోయి గోడకు నిలబడు" అన్నాను.

"నేను గిప్పుడే వచ్చిన గద! బ్యాగు గూడ దించలే" అని ఏడ్చింది. నిజమే, బ్యాగు ఇంకా భుజానే ఉంది. అయినా నిలబెట్టాను.

అది గోడ దగ్గర ఉండగానే అక్షరాలు చూశాను. టి మీద గీత కుడివైపుకు ఎత్తి గీసి ఉంది. అది నా గీత. ముప్పై ఐదేళ్లు పిల్లల చేతిరాతలు దిద్దినదాన్ని, నాది నాకు తెలియదా? పాత పేజీలు తిప్పాను. అలాంటివి ఇంకో నాలుగు ఉన్నాయి. ప్రతిదాని కింద 'ఐదు', నా సంతకం.

మరునాడు శ్రావణి బడికి బయలుదేరే ముందు వంటింట్లోకి వెళ్లి గ్యాసు రెగ్యులేటర్ తిప్పి చూసింది. నేను చూస్తున్నానని గమనించి, "ఊకెనే చూసిన, అమ్మమ్మా" అంది. అప్పటి నుంచి రోజూ చూస్తోంది. వాళ్లమ్మకు చెప్పొద్దని నేను అనలేదు. తనంతట అదే చెప్పలేదు. పదమూడేళ్ల పిల్ల నా భయం మోస్తోంది, అక్కా. నాకు అన్నిటికంటే ఇదే భయంగా ఉంది.

లతకు చెబితే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటుంది. చెప్పకపోతే ఏ రోజు ఏమవుతుందో తెలియదు. ఫోన్ చేస్తే నువ్వు "ఏం గాదులే చెల్లె" అంటావు. అందుకే ఉత్తరం. అమ్మను ఆరేళ్లు చూసుకున్నది నువ్వు. నేను బడి సెలవులకు వచ్చి, నాలుగు రోజులు ఉండి, పోయేదాన్ని. అమ్మ జ్ఞాపకాల్లో మొదట ఏం పోయిందని నిన్ను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పేర్లా, దారులా, చెప్పిందే చెప్పడమా? తెలిశాక ఎన్నాళ్లు స్టవ్వు దగ్గరికి వెళ్లనిచ్చావు? దాచకుండా రాయి.

ఆ డాక్టరు నూనె మోకాలికి రోజూ రాస్తున్నావా?

ఉత్తరం మొదట్లో చూస్తే ఈ మాట అప్పుడే అడిగాను. కొట్టివేయను. నువ్వు చూడాలి.

ఇంకో పని. ఈ ఉత్తరంలో ఒక చిన్న కాగితం మడిచి పెట్టాను. శ్రావణి ఇవాళ మళ్లీ అవే అక్షరాలు ఇచ్చింది. ఒక్కో మాట రాయగానే దాని మీదికి కాగితం మడిచాను. విప్పి చూసుకోలేదు. "నాకు ఇంగ్లీషు రాదు" అనకు. నేను చదువుకోవడానికి నువ్వు ఐదో తరగతిలో మానేశావని నాకు తెలుసు. అర్థం అక్కర్లేదు. ముగ్గుల్లో ఒక గీత తేడా వచ్చినా పట్టేదానివి. ఐదు మాటల్లో ఏ రెండైనా ఒకేలా ఉన్నాయేమో చూడు, చాలు.

ఒకేలా లేకపోతే నాకు రాయి. ఉంటే నాకు రాయకు, ఫోనూ చేయకు. లతకు చెయ్యి.

శ్రావణికి ఇంకా తప్పయిందని చెప్పలేదు. ఈ సాయంత్రం చెబుతాను. మరిచిపోకుండా అరచేతి మీద రాసుకున్నాను.

బావకు నా నమస్కారాలు. కోడలికి, పిల్లలకు ఆశీస్సులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ఈ ఉత్తరం నేనే నడిచి వెళ్లి పోస్టు చేస్తాను.

నీ చెల్లెలు,
సుగుణ