నలభై ఒక్కసారి ‘ఔనండీ’

పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ప్రభుత్వ పాఠశాలల్లో ఆన్‌లైన్ వేధింపుల నిరోధక ముసాయిదా బిల్లు – సెక్షన్ 9(3) మార్చుట, సోమవారం విచారణ ఆపించుట గురించి.

మోటారు వైండింగ్ పని చేసుకొని బతుకుతున్న నేను విన్నవించునది ఏమనగా:

1. ఈ చట్టం రావాలని సంతకం పెట్టినవారిలో నేనూ ఉన్నాను. బిల్లును ముందుగా అమలు చేసి చూస్తున్న పాఠశాలల్లో మా అమ్మాయి బడి ఒకటి. ఆమె తొమ్మిదో తరగతి.

2. తరగతిలో ఆమె కునికిపాట్లు పడుతుండగా ఎవరో ఫొటో తీసి, నా పనిని బట్టి ‘మోటారు’ అని పేరు పెట్టి, పిల్లల గ్రూపులో తిప్పారు. పది రోజుల్లో నలభై ఒక్క సందేశాలు. ఫిర్యాదు నేనే పెట్టించాను. ఆమె వద్దన్నది.

3. సదరు సెక్షన్ ప్రకారం ప్రతి సందేశమును విద్యార్థి సమక్షమున బిగ్గరగా చదివి ధ్రువీకరించుకొనవలెను. మొన్న మంగళవారం స్టాఫ్‌రూములో హెడ్మాస్టరు గారు చదివారు.

"‘మోటారు కాలింది, వాసనొస్తోంది.’ ఇది నీ గురించేనా అమ్మా?"

"ఔనండీ."

"కాస్త గట్టిగా చెప్పు తల్లీ, రాసుకోవాలి."

ఇలా నలభై ఒక్కసారి. నేను పక్కనే కూర్చున్నాను. బయటికొచ్చాక అటెండరు నన్ను ఓదార్చాడు: "మీది నయం బాబాయ్. ఆరో తరగతి పిల్లకైతే నూట పది చదివారు. మధ్యలో టీ కూడా తాగారు."

4. స్టాఫ్‌రూము తలుపు సరిగా పడదు. ఎవరో వరండాలోంచి రికార్డు చేశారు. బడి వదిలేలోగా హెడ్మాస్టరు గారి గొంతూ, మా అమ్మాయి ‘ఔనండీ’లూ గ్రూపులో ఉన్నాయి. వెళ్ళి చెప్పగా, "అది నలభై రెండోది. జాబితాలో చేర్చండి, దాన్నీ వినిపించాలి" అన్నారు.

"గొంతు తమరిదే కదండీ!"

"నాదైతే మాత్రం? రూలు రూలే."

ఆయన చెడ్డవారు కారు. ఆ మాట అంటూ నా మొహం చూడలేకపోయారు.

5. ఆ రోజు విచారణ కమిటీ సభ్యురాలు ఒకరు రానందున విచారణ చెల్లదట. సోమవారం మొదటినుంచీ మళ్ళీ చదువుతారు.

6. మా అమ్మాయి నిన్న కంచం ముందు కూర్చుని, "నాన్నా, సోమవారం అవి నా గురించి కాదని చెప్పేస్తా" అన్నది. కాదంటే అది తప్పుడు ఫిర్యాదు. సెక్షన్ 14 ప్రకారం ఆమెనే వారం రోజులు బడి మాన్పిస్తారు. నిన్న పనిలో తీగ చుట్ల లెక్క తప్పి ఒకే మోటారును రెండుసార్లు విప్పాను. ఈ రోజు గురువారం.

కావున కమిటీ సభ్యులు ఆ సందేశముల కాగితములను ఎవరికి వారు చదువుకొనునట్లు సెక్షన్ మార్చి, ఈలోగా సోమవారం విచారణ నిలుపుదల చేయించవలెనని ప్రార్థన. చిత్తగించి శనివారం లోగా ఒక్క మాట చెప్పించగలరని ఎదురుచూచుచున్న,

తమ విధేయుడు,
విద్యార్థిని తండ్రి

తా.క.: ఇది రాస్తుంటే మా అమ్మాయి వెనక నిలబడి చదివింది. "దీన్ని కూడా ఆఫీసులో పైకి చదువుతారా నాన్నా?" అని అడిగింది. చదవరని చెప్పాను. తమ ఆఫీసు పద్ధతి ఏమిటో నాకు తెలియదు. మనసులో చదువుకోండి సార్.